నాన్నకు స్ట్రోక్ వచ్చి నాలుగు నెలలైంది, ఈ పెప్టైడ్‌లు ఇప్పించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. నాలుగు నెలల క్రితం మెదడులో రక్తనాళం మూసుకుపోయి కుడివైపు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రికి చేరేసరికే చాలా గంటలు గడిచిపోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. కుడిచేతి మణికట్టు, వేళ్లు కొంచెం కదులుతున్నాయి గానీ పట్టు లేదు. మాట ముక్కలుముక్కలుగా వస్తోంది. బీపీ మాత్ర, రక్తం పలచబడే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర వాడుతున్నారు. మా తమ్ముడు మెదడును కాపాడే పెప్టైడ్‌ల గురించి రాత్రింబవళ్లు చదువుతున్నాడు. సెమాక్స్ అనే ముక్కు చుక్కలు, బీపీసీ-157 అనే ఇంజెక్షన్ పొడి తెప్పిస్తానంటున్నాడు. "ఇవన్నీ శాస్త్రవేత్తలు పరీక్షించినవే, మన డాక్టర్లే పట్టించుకోవడం లేదు" అంటాడు. జ్ఞాపకశక్తి పెరుగుతుందని తనూ వాడతాడట. అమ్మేమో "ఏదో ఒకటి చెయ్యండర్రా" అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఇవి నిజంగా పనిచేస్తాయా? క్లినికల్ ట్రయల్ ఏదైనా ఉంటే నాన్నను చేర్పించవచ్చా? - ఒక కూతురు

సమాధానం: అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ చుక్కలూ వద్దు, ఆ పొడీ వద్దు. నాన్నగారికీ వద్దు, మీ తమ్ముడికీ వద్దు. కారణాలు కాస్త వివరంగా చెబుతాను. మీ తమ్ముడు చదువుతున్నదంతా చెత్త అని కొట్టిపారేస్తే అతను వినడు, అది నిజమూ కాదు. ఈ పెప్టైడ్‌ల వెనక పెద్ద పరిశోధన ఉంది, మంచి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పనిచేశారు. అయితే వాళ్లు కనుక్కున్నది ఒకటి, సీసా మీద అమ్ముతున్న మాట ఇంకొకటి.

పెప్టైడ్ అంటే కొన్ని అమైనో ఆమ్లాలు వరసగా కలిసిన చిన్న గొలుసు. ఇదే వందల్లో పెరిగితే ప్రొటీన్ అంటాం. మెదడులో సహజంగా ఉండే ఒక పెద్ద ప్రొటీన్ నాడీకణాలను కాపాడుతోందని తేలిందనుకోండి. అందులో అసలు పని చేస్తున్న భాగం ఏడెనిమిది అమైనో ఆమ్లాలే అయితే ఆ ముక్కను మాత్రం ప్రయోగశాలలో తయారు చేసుకోవచ్చు. తయారీ తేలిక, కావలసినట్టు మార్పులు చేసుకోవచ్చు. ఆలోచన చాలా మంచిది. చిక్కంతా దాన్ని మెదడు దాకా చేర్చడంలో ఉంది. మింగితే మామూలు పెప్టైడ్‌ను కడుపు, పేగులు ఆహారంలోని ప్రొటీన్‌లాగే అరిగించేస్తాయి. రక్తంలోకి ఎక్కిస్తే ఎంజైములు చాలావాటిని నిమిషాల్లో ముక్కలు చేస్తాయి. అవి దాటినా రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే గట్టి పొర చాలావాటిని లోపలికి రానివ్వదు. అందుకే కొందరు ముక్కు దారి ఎంచుకున్నారు. ముక్కు పైభాగంలో వాసన పట్టే నరాలు నేరుగా మెదడుకు వెళతాయి. ఎలుకల్లో ఈ దారి బాగా పనిచేసింది. కానీ ఎలుక ముక్కు లోపలి పొరలో దాదాపు సగం వాసన పట్టే భాగమే. మనిషిలో అది పదో వంతు కూడా ఉండదు. ఎలుకలో కనిపించిన ఫలితం మనిషిలో రాకపోవడానికి ఇలాంటి కారణాలు చాలా ఉన్నాయి.

ఇక స్ట్రోక్ సంగతి. పెద్ద రక్తనాళం మూసుకుపోయినప్పుడు మెదడులో నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో లెక్కగట్టారు. రక్తం అందని కణాలు గ్లుటమేట్ అనే రసాయనాన్ని హద్దు లేకుండా వదులుతాయి. అది పక్క కణాల మీది ఎన్‌ఎండీఏ గ్రాహకాలను తెరుస్తుంది. వాటిగుండా కాల్షియం లోపలికి పోటెత్తుతుంది. గ్రాహకానికి లోపలివైపు పీఎస్‌డీ-95 అనే ప్రొటీన్ అతుక్కుని ఉంటుంది, నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైము దానికే తగిలి ఉంటుంది. కాల్షియం రాగానే ఆ ఎంజైము రెచ్చిపోయి కణాన్ని లోపలి నుంచే చంపుతుంది. గ్రాహకాన్నే మూసేసే మందులు ముందు ప్రయత్నించారు. మెదడు మామూలుగా పనిచేయడానికి కూడా అవే గ్రాహకాలు కావాలి కాబట్టి ఆ దారి కలిసిరాలేదు. కెనడాలో టొరంటోకు చెందిన మైకేల్ టిమియాన్‌స్కీ బృందం ఇంకో ఉపాయం ఆలోచించింది. గ్రాహకాన్ని వదిలేసి, పీఎస్‌డీ-95తో దానికున్న అతుకును మాత్రం విడదీద్దామనుకున్నారు. అలా పుట్టింది నెరినెటైడ్. మొత్తం 20 అమైనో ఆమ్లాలు. తొమ్మిది ఆ అతుకును విడదీసే ముక్క, పదకొండు దాన్ని కణంలోకి చేర్చే ముక్క. ఆ చేర్చే ముక్కను హెచ్‌ఐవీ వైరస్‌లోని ఒక ప్రొటీన్ నుంచి తీసుకున్నారు. అందులో వైరస్ ఏమీ ఉండదు, కణం గోడ దాటే గుణం మాత్రమే ఉంటుంది.

నెరినెటైడ్ కథ మీ తమ్ముడికి పూర్తిగా తెలియాలి. అతను బహుశా సగమే చదివి ఉంటాడు. 2002లో ఎలుకల్లో, స్ట్రోక్ మొదలైన తర్వాత ఇచ్చినా దెబ్బతిన్న భాగం బాగా తగ్గింది. 2012లో కోతుల్లోనూ తగ్గింది. 185 మంది మనుషుల్లో పరీక్షించిన ఫలితాలు కూడా అదే ఏడాది వచ్చాయి. మెదడు రక్తనాళం ఉబ్బుకు చికిత్స చేసేటప్పుడు చిన్నచిన్న స్ట్రోక్ మచ్చలు ఏర్పడుతుంటాయి. ఈ మందు తీసుకున్నవాళ్లలో ఆ మచ్చల సంఖ్య తగ్గింది. చాలామంది ఉత్సాహంగా చెప్పుకునే కథ ఇక్కడితో ఆగుతుంది. తర్వాత ఎనిమిది దేశాల్లో 1,105 మంది స్ట్రోక్ రోగులతో పెద్ద ట్రయల్ జరిగింది, ఫలితాలు 2020లో వచ్చాయి. అందరికీ రక్తనాళంలోని గడ్డను తీగతో లాగి తీసేశారు. సగం మందికి నెరినెటైడ్, సగం మందికి మందులేని ద్రావణం. మూడు నెలల తర్వాత తమ పనులు తాము చేసుకోగలిగే స్థితికి చేరినవాళ్లు మందు వాడినవాళ్లలో 61.4 శాతం. మందులేని వాళ్లలో 59.2 శాతం. అంత తేడా యాదృచ్ఛికంగానే రావచ్చు, మందు పనిచేసిందని చెప్పడానికి చాలదు.

ఆ రెండు అంకెలను ఒకసారి నిదానంగా చూడండమ్మా. మీకు నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. రెండో గుంపు లేకుండా ఒక్క మందు గుంపునే చూసి ఉంటే ఏమనిపించేది? అంత పెద్ద స్ట్రోక్ వచ్చినవాళ్లలో వందకు 61 మంది లేచి తిరుగుతున్నారు, ఇది సంజీవని అనిపించేది. కానీ మందు పడనివాళ్లలో కూడా 59 మంది లేచి తిరిగారు. మెదడు తనంతట తానే కొంత కోలుకుంటుంది. గడ్డ తీసేయడం వల్ల, మంచి సంరక్షణ వల్ల, వ్యాయామం వల్ల ఇంకొంత కోలుకుంటుంది. మీ నాన్నగారు ఇప్పుడు సరిగ్గా ఆ దశలో ఉన్నారు. రాబోయే నెలల్లో ఆయన నడక, చెయ్యి, మాట ఇంకా మెరుగుపడే అవకాశం బాగా ఉంది. ఈ వారం ఆ చుక్కలు మొదలుపెట్టి వచ్చే నెల ఆయన రెండు వాక్యాలు ఎక్కువ మాట్లాడితే ఇంటిల్లిపాదీ ఆ గొప్పదనం చుక్కలకే ఇచ్చేస్తారు. "మా మామయ్యకు ఇచ్చాం, నెలలో లేచి నడిచారు" అని మీ తమ్ముడు చదివే అనుభవాలు ఇలాగే పుడతాయి. చెప్పేవాళ్లు అబద్ధమాడడం లేదు. మందు వేయకపోతే ఏమయ్యేదో చూసే వీలు వాళ్లకు లేదు, అంతే.

నెరినెటైడ్ కథలో ఇంకో మలుపు ఉంది. గడ్డను కరిగించే ఆల్టిప్లేజ్ ఇంజెక్షన్ తీసుకోనివాళ్లను విడిగా చూస్తే తేడా పెద్దగా కనిపించింది, 59.3 శాతానికి 49.8 శాతం. ఆల్టిప్లేజ్ వల్ల శరీరంలో ప్లాస్మిన్ అనే ఎంజైము చురుకవుతుంది, అది ఈ పెప్టైడ్‌ను తెగ్గొడుతుంది. కాబట్టి ఆ ఇంజెక్షన్ లేనిచోట ఇది పనిచేస్తుందేమోనని ఆశ కలిగింది. కారణం కూడా నమ్మేలా ఉంది. పరిశోధకులు అక్కడితో సంబరపడి ఊరుకోలేదు. గడ్డ కరిగించే మందు తీసుకోని 850 మందితో మళ్లీ ట్రయల్ చేశారు. మేలు కనిపించలేదు. అంబులెన్స్‌లోనే, లక్షణాలు మొదలైన మూడు గంటల్లోపు ఇచ్చి కూడా చూశారు. మొత్తం మీద రెండు గుంపులూ సమానంగానే ఉన్నాయి. అంత నమ్మదగిన ఊహ కూడా పరీక్షలో నిలవలేదు. అందుకే నేను ఊహల మీద మీ నాన్నగారికి మందు రాయలేను.

ముక్కు దారిలో ఇచ్చి, పెద్ద ట్రయల్ దాకా వెళ్లిన పెప్టైడ్‌లలో ఒకటి డావ్యునెటైడ్. ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో ఇల్లానా గోజెస్ బృందం మెదడును కాపాడే ఒక ప్రొటీన్‌ను గుర్తించింది. అందులోని ఎనిమిది అమైనో ఆమ్లాల ముక్క ఇది. నాడీకణానికి లోపల ఆధారంగా ఉండే సన్నని గొట్టాలను ఇది నిలబెడుతుందని ప్రయోగశాలలో తేలింది. దాంతో, ఆ గొట్టాలకు అతుక్కుని ఉండే టౌ అనే ప్రొటీన్ పాడయ్యే పీఎస్‌పీ అనే జబ్బులో 313 మందితో పరీక్షించారు. పార్కిన్సన్స్‌ను పోలినట్టు ఉండి త్వరగా ముదిరే జబ్బు అది. రోజుకు రెండుసార్లు ముక్కులో, ఏడాది పాటు ఇచ్చారు. 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం జబ్బు వేగం ఏమాత్రం తగ్గలేదు. ముక్కు నుంచి రక్తం రావడం, ముక్కు కారడం, మంట మాత్రం మందు వాడినవాళ్లలో ఎక్కువ. నాకు ఆ ట్రయల్ చదివినప్పుడు బాధ కలిగింది. పీఎస్‌పీకి ఇప్పటికీ జబ్బును ఆపే మందు లేదు. ఆ కుటుంబాలు ఎంత ఆశతో చేరి ఉంటాయో ఊహించగలను.

ఇవి రెండే కావు. 2006 నాటికి స్ట్రోక్ కోసం ప్రయోగశాలల్లో, జంతువుల్లో, మనుషుల్లో ప్రయత్నించిన చికిత్సలను ఒక బృందం ఓపిగ్గా లెక్కపెడితే 1,026 తేలాయి. పెప్టైడ్‌లు, మామూలు రసాయనాలు అన్నీ కలిపి. వాటిలో 114 మనుషుల దాకా వచ్చాయి. నాడీకణాలను నేరుగా కాపాడే మందుగా పెద్ద ట్రయల్స్‌లో నిలిచి అన్ని దేశాల వైద్యంలో భాగమైనది వాటిలో ఒక్కటీ లేదు. ఎందుకిలా? ప్రయోగంలో వాడే ఎలుక చాలావరకు వయసులో ఉన్నది, ఆరోగ్యంగా ఉన్నది. దానికి రక్తనాళం ఎప్పుడు మూశారో నిమిషంతో సహా తెలుసు. మందు కొద్దిసేపట్లోనే పడుతుంది. మనిషికేమో అరవై దాటి ఉంటాయి, బీపీ, షుగర్ ఉంటాయి, నిద్రలోనే స్ట్రోక్ వచ్చి ఉంటుంది, ఆసుపత్రికి చేరేసరికి పూట గడిచి ఉంటుంది.

మీ నాన్నగారి విషయంలో నేను "వద్దు" అనడానికి అసలు కారణం కూడా ఈ సమయమే. నెరినెటైడ్ లాంటివి కణాలు చనిపోతున్న ఆ కొద్ది గంటల కోసం తయారైనవి. నాన్నగారిలో చనిపోవలసిన కణాలు మొదటి రోజుల్లోనే చనిపోయాయి. నాలుగు నెలల తర్వాత ఆ పోరాటం లేదు. ఇప్పుడు జరుగుతున్నది వేరే పని. మిగిలిన కణాలు కొత్త దారులు వేసుకుంటున్నాయి, పాత పనులను మళ్లీ నేర్చుకుంటున్నాయి. ఆ పనికి ఏం కావాలో కింద చెబుతాను. ఆసుపత్రికి ఆలస్యంగా చేరామని మీ ఉత్తరంలో రాశారు. ఆ మాట రాసేటప్పుడు మీ మనసు ఎంత నలిగిందో తెలుస్తోంది. స్ట్రోక్ మొదట్లో తేడా పోల్చుకోలేకపోవడం ఎన్నో ఇళ్లలో జరుగుతుంది. దానికి పరిహారంగా ఇప్పుడేదో ఒకటి ఎక్కించాలన్న ఆరాటం వద్దు.

పెప్టైడ్‌లన్నీ ఓడిపోయాయని కూడా అనుకోవద్దు. ట్రోఫినెటైడ్ అని ఒకటుంది. శరీరంలోని ఐజీఎఫ్-1 అనే ప్రొటీన్ చివర ఉండే మూడు అమైనో ఆమ్లాల ముక్కకు చిన్న మార్పు చేసి తయారు చేశారు. తలకు తీవ్ర గాయమైనవాళ్లలో ముందు పరీక్షిస్తే మేలు నిరూపణ కాలేదు. తర్వాత రెట్ సిండ్రోమ్ అనే, ఎక్కువగా ఆడపిల్లలకు వచ్చే జన్యు వ్యాధిలో పరీక్షించారు. 187 మందితో, పన్నెండు వారాల ట్రయల్. లక్షణాల్లో మెరుగుదల కనిపించింది, 2023 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. ఆ జబ్బుకు అనుమతి పొందిన మొదటి మందు అదే. అయినా మేలు ఒక మోస్తరే, పైగా వాడినవాళ్లలో దాదాపు 80 శాతం మందికి విరేచనాలయ్యాయి. ఒకే పెప్టైడ్ మందు ఒక జబ్బులో పనిచేసి ఇంకోదానిలో పనిచేయకపోవడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. "మెదడుకు మంచిది" అనే ఒక్క మాటతో అన్ని జబ్బులకూ ఒకే మందు ఇవ్వడం కుదరదు.

ఇప్పుడు మీ తమ్ముడు చెప్పిన రెండింటి దగ్గరికి వస్తాను. సెమాక్స్‌ను మాస్కోలో తయారు చేశారు. శరీరంలోని ఏసీటీహెచ్ హార్మోన్‌లోని నాలుగు అమైనో ఆమ్లాల ముక్కకు, త్వరగా విరిగిపోకుండా ఇంకో మూడింటిని తగిలించారు. మొత్తం ఏడు. రష్యాలో అది అనుమతి ఉన్న మందే, అక్కడ స్ట్రోక్‌లో వాడతారు. మీ తమ్ముడు ఆ మాట చెబితే ఒప్పుకోండి. అయితే దాన్ని బలపరిచే మానవ అధ్యయనాలు చిన్నవి, ఎక్కువగా అక్కడివే. నెరినెటైడ్‌కు జరిగినట్టు అనేక దేశాల్లో, వెయ్యి మందితో, ఎవరికి ఏది పడిందో ఎవరికీ తెలియకుండా చేసిన ట్రయల్ దానికి లేదు. అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థలు దాన్ని అనుమతించలేదు. అక్కడ కూడా దాని వాడకం ప్రధానంగా స్ట్రోక్ తొలి రోజుల్లో.

బీపీసీ-157 పరిస్థితి ఇంకా బలహీనం. అది పదిహేను అమైనో ఆమ్లాల పెప్టైడ్. ఎలుకల్లో పేగు పుండ్లు, కండరాల గాయాల మీద చాలా పేపర్లు వచ్చాయి. స్ట్రోక్ రోగుల్లో దానికి నమ్మదగిన ట్రయల్ లేదు. క్రీడాకారుల్లో డోపింగ్‌ను అరికట్టే ప్రపంచ సంస్థ 2022లో దాన్ని నిషేధ జాబితాలో చేర్చింది, మనుషుల వైద్యానికి అనుమతి లేని పదార్థాల విభాగంలో. కొత్త రక్తనాళాలు పెరగడాన్ని అది ప్రేరేపిస్తుందని జంతు ప్రయోగాలు చెబుతాయి. అమ్మేవాళ్లు దాన్ని మేలుగా చెబుతారు. 66 ఏళ్ల శరీరంలో ఎక్కడైనా బయటపడని చిన్న కణితి ఉంటే అదే గుణం కీడు కావచ్చన్న ఆందోళన నాకుంది. నిరూపణ కాని ఆందోళనే, కానీ మేలు కూడా నిరూపణ కానిచోట ఆ భారం ఎందుకు మోయాలి?

ఎవరైనా బంధువులు సెరిబ్రోలైసిన్ పేరు కూడా ఎత్తవచ్చు, అందుకని ఒక మాట. అది ప్రయోగశాలలో కూర్చిన ఒకే పెప్టైడ్ కాదు. పంది మెదడు ప్రొటీన్లను విరగ్గొట్టి తీసిన మిశ్రమం. తొలి రోజుల్లో మొదలుపెట్టినప్పుడు చేతి కదలికలో మేలు చూపిన ట్రయల్ ఒకటి ఉంది. జరిగిన ట్రయల్స్‌ను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష మాత్రం మరణాలను తగ్గించడంలో దాదాపు ప్రయోజనం లేదని, తీవ్రమైన దుష్ప్రభావాలు పెరగవచ్చని చెప్పింది. నాలుగు నెలలు గడిచాక దాని కోసం వెతకవలసిన పని లేదు.

సీసా గురించి కూడా తమ్ముడితో మాట్లాడండి. ఇలాంటి పొడుల మీద "పరిశోధనకు మాత్రమే, మనుషులకు కాదు" అని రాసి ఉంటుంది. అది అమ్మేవాడు తనను తాను కాపాడుకోవడానికి రాసుకున్నది. దాంతో పాటు 99 శాతం స్వచ్ఛత అని ఒక కాగితం పెడతారు. ఆ అంకె సీసాలోని పెప్టైడ్‌లో ఎంత వంతు సరైన పెప్టైడో చెబుతుంది. సీసాలో సూక్ష్మజీవులు ఉన్నాయో లేదో చెప్పదు. బ్యాక్టీరియా గోడల నుంచి వచ్చి తీవ్ర జ్వరం, షాక్ తెప్పించగల ఎండోటాక్సిన్ ఉందో లేదో చెప్పదు. పొడి బరువులో లవణాలు, తేమ పోగా అసలు పెప్టైడ్ ఎంత మిగులుతుందో కూడా చెప్పదు. ఇంట్లో నీళ్లు కలిపి, మైక్రోగ్రాముల్లో లెక్కవేసి, సన్నని సిరంజితో ఎక్కించేటప్పుడు పదింతలు ఎక్కువ పడడానికి ఒక్క సున్నా చాలు. నాన్నగారు రక్తం పలచబడే మాత్ర మీద ఉన్నారు. ఆయన మందులతో ఈ పొడి ఎలా కలుస్తుందో ఎవరూ పరీక్షించలేదు. ట్రయల్‌లో మేలు రాకపోయినా అక్కడ మందు శుద్ధమైనది, మోతాదు కొలిచినది, పక్కన డాక్టరు ఉన్నాడు. ఇంట్లో ఆ మూడూ ఉండవు.

తమ్ముడి జ్ఞాపకశక్తి విషయం క్లుప్తంగా చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న యువకుడికి ఇవి జ్ఞాపకశక్తి పెంచుతాయని చూపిన గట్టి ఆధారం లేదు. నాన్నకు జబ్బు చేసినప్పటి నుంచి అతను సరిగా నిద్రపోతున్నాడా అని అడగండి. మతిమరుపుకు మొదటి కారణం అక్కడ దొరకవచ్చు. తండ్రికి స్ట్రోక్ వచ్చింది కాబట్టి అతనూ మీరూ బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఒకసారి చూపించుకోండి.

ఇక నాన్నగారికి చేయవలసినవి. మణికట్టు, వేళ్లు కొంచెం కదులుతున్నాయని రాశారు. ఉత్తరంలో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన వాక్యం అది. అలాంటివాళ్ల కోసమే ఒక చికిత్స ఉంది. బాగున్న చేతికి మందపాటి తొడుగు తొడిగి, మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువ భాగం బలహీనమైన చేతితోనే పనులు చేయిస్తారు. రోజూ కొన్ని గంటలు థెరపిస్టు దగ్గరుండి సాధన చేయిస్తారు. స్ట్రోక్ వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందిలో రెండు వారాల పాటు ఇలా చేయిస్తే చెయ్యి వాడకం బాగా మెరుగైంది, ఏడాది తర్వాత కూడా ఆ మెరుగు నిలిచింది. ఫలితాలు 2006లో వచ్చాయి. నాన్నగారు సరిగ్గా ఆ గడువులోనే ఉన్నారు. దీనికి మణికట్టు పైకి కొంత లేవాలి, వేళ్లు కొంత చాపగలగాలి. ఆయనకు కుదురుతుందో లేదో ఫిజియోథెరపిస్టు చూసి చెబుతారు. కర్ర పట్టుకునే చెయ్యి ఏదో, పడిపోయే ప్రమాదం ఎంతో కూడా చూడాలి కాబట్టి ఇంట్లో మీరే తొడుగు తొడిగి మొదలుపెట్టకండి.

మాట విషయంలో కూడా ఆశ వదులుకోవద్దు. జర్మనీలో 156 మందితో చేసిన ట్రయల్ 2017లో ప్రచురితమైంది. వాళ్లందరికీ మాట పోయి ఆరు నెలలు దాటింది. వారానికి కనీసం పది గంటల చొప్పున మూడు వారాలు స్పీచ్ థెరపీ చేయిస్తే రోజువారీ మాటలాడడం మెరుగైంది. వారానికి ఒక అరగంట చేయించి "లాభం లేదు" అని మానేస్తున్న కుటుంబాలను చూస్తుంటాను. మోతాదు చాలలేదన్నమాట. థెరపిస్టు రోజూ దొరక్కపోతే ఆయన రాసిచ్చిన సాధనను ఇంట్లో పూటకు ఇంత అని చేయించండి. నాన్నగారు మాట వెతుక్కుంటున్నప్పుడు తొందరపడి వాక్యం మీరే పూర్తి చేయకండి. ఆయనకు అర్థమవుతూనే ఉంటుంది, కాస్త ఆగితే ఆయనే చెబుతారు.

మెదడును కాపాడాలన్న మీ తమ్ముడి కోరికకు నిజంగా సరిపోయేవి ఇంట్లో ఉన్న ఆ మాత్రలే. ఒకసారి స్ట్రోక్ వచ్చినవాళ్లకు రెండోసారి రావడమే పెద్ద ముప్పు. 6,105 మందితో జరిగి 2001లో ప్రచురితమైన ప్రోగ్రెస్ ట్రయల్‌లో బీపీ తగ్గించే మందులు మళ్లీ స్ట్రోక్ రావడాన్ని 28 శాతం తగ్గించాయి. పైన చెప్పుకున్న ఏ పెప్టైడూ మనిషి మెదడును స్ట్రోక్ నుంచి అంతగా కాపాడినట్టు నిరూపణ కాలేదు. నాన్నగారి బీపీ ఇంట్లోనే చూసి రాసిపెట్టండి. గుండె లయ తప్పుతోందేమో పరీక్ష చేశారా అని డాక్టరును అడగండి, అది ఉంటే రక్తం పలచబడే మందు రకమే మారుతుంది. ఇంకొకటి, స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది. మాట రానివాళ్లు అది చెప్పుకోలేరు. తిండి తగ్గడం, సాధనకు రాననడం, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకోవడం కనిపిస్తే మొండితనం అనుకోకండి, డాక్టరుకు చెప్పండి.

తమ్ముడితో వాదన పెట్టుకోకుండా పని అప్పగించండి. అంత శ్రద్ధగా చదవగలిగినవాడు బీపీ పుస్తకం రాయగలడు, చెయ్యి సాధన దగ్గరుండి చేయించగలడు, మాటల సాధనకు బొమ్మల కార్డులు తయారు చేయగలడు. అమ్మ అడిగిన "ఏదో ఒకటి" అదే. పొడి ఇప్పటికే తెప్పించేసి ఉంటే తెరవకండి. ఒకవేళ నాన్నగారికి ఒకటి రెండుసార్లు వేసి ఉంటే భయపడి దాచకుండా సీసా తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. జ్వరం, చలి, సూది గుచ్చినచోట వాపు, ఊపిరి ఆడకపోవడం, కొత్తగా బలహీనత ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చివరగా ట్రయల్ సంగతి. కణాలను కాపాడే మందుల ట్రయల్స్ స్ట్రోక్ మొదటి గంటల్లోనే రోగులను చేర్చుకుంటాయి, నాన్నగారు వాటికి సరిపోరు. కోలుకునే దశ మీద జరిగేవి వేరే ఉన్నాయి. నరాల ప్రేరణ, రోబోల సాయంతో చేతి సాధన, స్పీచ్ థెరపీ మోతాదుల మీద జరిగేవి. ఆయనను చూసే న్యూరాలజిస్టునే నేరుగా అడగండి. ప్రభుత్వ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నమోదు సంఖ్య ఉండాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఇచ్చి, ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకోనివ్వాలి. ఎప్పుడైనా మానేసే హక్కు అందులో రాసి ఉండాలి. పరీక్షిస్తున్న మందుకు మీ దగ్గర డబ్బు అడిగితే చేర్పించకండి.